పరిగె బొమ్మలు

మా తండా పిల్లలం బొమ్మలు కొనుక్కోలేదు, ఏరుకున్నాం. పసుపు చేన్లలో, ఆర్మూరు అంగడిలో, బీడీలు చుట్టే అరుగుల కింద, సిద్ధుల గుట్ట అడుగున, ఎక్కడ ఏది రాలి పడితే అది మాకు బొమ్మ అయ్యేది. జాలి పుట్టించాలని ఈ మాట రాయడం లేదు. ఆ రోజుల్లో మా మీద మాకు జాలి లేదు. అయితే కొన్న బొమ్మకూ ఏరుకున్న బొమ్మకూ ఒక తేడా ఉంది. కొన్న బొమ్మ ఎవరి కోసం కొన్నారో వాళ్లది. ఏరుకున్న బొమ్మ మీద ఇంట్లో అందరి కన్నూ ఉంటుంది. పసుపు బొమ్మ అయితే మరీను.

ఆర్మూరు ప్రాంతంలో పసుపు తొమ్మిది నెలల పంట. తొలకరికి పెడితే సంక్రాంతి దాటినాక తవ్వకం మొదలవుతుంది. మా తండా భీంగల్ వైపు గుట్టల అంచున ఉంది. పసుపుకు కావలసిన నీళ్ల భూమి మాకు లేదు, ఉన్న చెలకల్లో మక్కలు, జొన్నలు వేసేవాళ్లం. తవ్వకం రోజుల్లో తండా సగం ఖాళీ. పెద్దవాళ్లు తవ్వుతుంటే మేము దుంపలకు అంటిన మట్టి రాల్చి, వేళ్లు తుంచి కుప్ప పోసేవాళ్లం. ఆ కుప్ప ఆసామిది. అందులోంచి ఒక్క కొమ్ము జేబులో వేసుకున్నా దొంగతనమే. ఆసామి రెండోసారి కూడా ఏరించుకొని, ఇక చాలు అని చేను వదిలేసినాక మా పసుపు మొదలయ్యేది. అదే పరిగె. ఆడవాళ్లు, పిల్లలు పుల్లతోనో కొడవలి మొనతోనో పెళ్లలు పగలగొట్టి, లోపల విరిగి ఉండిపోయిన కొమ్ములు ఏరుకునేవాళ్లం. చేయి మీద ఆ పచ్చదనం పది రోజులు పోయేది కాదు.

మా బొమ్మలు ఆ పెళ్లల్లోనే పుట్టేవి. పసుపు మొక్కకు నడుమ తల్లి దుంప ఉంటుంది, దాన్ని మండ అంటాం. చుట్టూ పిల్ల కొమ్ములు. మండకు కింద నాలుగు పొట్టి కొమ్ములు, ముందర రెండు మొలకలు ఉంటే అది ఎద్దు. పొడుగ్గా వంకర తిరిగి ఉంటే పాము. పొట్ట ముందుకు వచ్చి రెండు చిన్న కాళ్లు కనిపిస్తే సేటు. సేటు దొరికితే అందరం నవ్వేవాళ్లం, ఎవరమూ ఉంచుకునేవాళ్లం కాదు. ఎద్దు దొరికితే మాత్రం కొట్లాటే. మా గోర్ బోలిలో ఎద్దును బళద అంటాం. మూపురం కూడా ఉన్న బళద ఒక కాలమంతా ఏరితే ఒకటో రెండో దొరికేవి.

ఆ ఎద్దుకు మేము బండి కట్టలేదు. గుడ్డ పీలికల్లో ఇసుక పోసి రెండు చిన్న మూటలు చేసి, వీపు మీద నుంచి రెండు పక్కలకూ వేలాడేసేవాళ్లం. ఊరి పిల్లలు చూసి, "ఎద్దు మీద మూటేందిరా, గాడిదనా అది?" అని నవ్వేవాళ్లు. మా దగ్గర జవాబు లేదు. దాదీ అట్లనే వెయ్యమంది, వేశాం. చదువుకున్నాక తెలిసింది. రోడ్లు, రైళ్లు రాకముందు మా పెద్దలు మందలకొద్దీ ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా తిరిగిన వర్తకులు. మొఘల్ సైన్యాలకు ధాన్యం అందించిందీ వాళ్లే. ఆ బిడారు దిగిన మకామే తండా. రైలుబండి వచ్చి ఆ వర్తకాన్ని మింగేసింది. ఎద్దులు పోయాయి, ఉప్పు పోయింది. మూట మాత్రం పిల్లల ఆటలో మిగిలిపోయింది. దాదీకి ఈ చరిత్ర ఎవరూ చెప్పి ఉండరు. ఆమెకు ఆమె దాదీ అట్లనే వేసి చూపించి ఉంటుంది.

ఇప్పుడు ఇంట్లో వాళ్ల కన్ను సంగతి. పరిగె పసుపును యాడి ఇంటి ముందర పాత గంజులో ఉడకబెట్టి, బండ మీద ఎండబోసేది. ఉడికించి ఎండబెడితే నాలుగైదు కిలోల పచ్చి పసుపు ఒక్క కిలో అవుతుంది. మా ఎద్దు కూడా అట్లనే చిక్కిపోయేది. పొట్ట లోపలికి పోయి, కాళ్లు సన్నబడి, కరువు కాలం ఎద్దులా తయారయ్యేది. గోనెపట్టా మీద రుద్ది రుద్ది పొట్టు తీస్తే మెరిసేది. అప్పుడే మాకు దాని మీద ప్రేమ ఎక్కువయ్యేది, అప్పుడే దాని రోజులు దగ్గర పడేవి. అంగడి రోజు పొద్దున్నే మూట కట్టేటప్పుడు యాడి చేయి ఒక్కసారి ఆగేది. "బళద ఏది?" అని అడిగేది. పొయ్యి వెనక దాచినా, గుడిసె చూరులో దాచినా ఆమెకు తెలుసు. ఆమె కూడా ఒకప్పుడు అక్కడే దాచింది కదా. కోపంగా అడిగేది కాదు. ఎండిన మండ ఒకటి బరువు తూగుతుంది. అది ఉంటే తక్కెడ ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరుగుకు చారెడు పల్లీలో, ఒక సబ్బు ముక్కో వస్తుంది. అంతే లెక్క. అంగడిలో చిల్లర పసుపు కొనేవాడి తక్కెడలో మా ఎద్దు కాళ్లు పైకి పెట్టుకొని పడి ఉండటం మేము చాలాసార్లు చూశాం.

పసుపు ధర ఏమిటో మాకు అట్లా తెలిసింది. ధర బాగున్న ఏడాది ఒక్క బొమ్మా మిగిలేది కాదు. చిటికెన వేలంత కొమ్ము కూడా మూటలోకి పోయేది. ధర పడిపోయిన ఏడాది యాడి మూట కట్టుకొని, ఎద్దు మాట ఎత్తకుండా వెళ్లిపోయేది. సాయంత్రం దాకా ఎద్దు మాదే. ఆ తర్వాత వానలు పడేదాకా కూడా మాదే. గూట్లో నాలుగైదు ఎద్దులు వరసగా నిలబడ్డ ఏడాది మా ఆటకు గొప్ప ఏడాది. అంగడి నుంచి తిరిగొచ్చిన యాడి ముఖం చూస్తే మాత్రం ఆ ఎద్దులతో ఆడబుద్ధి అయ్యేది కాదు.

పసుపు ధర గురించి బయటి ప్రపంచానికి చాలా ఆలస్యంగా తెలిసింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు నామినేషన్ వేసి పోటీలో నిలిస్తే దేశమంతా ఇటు తిరిగి చూసింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు వచ్చింది. మంచిదే. ఇక్కడి రైతులు మంచి ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా లారీల్లో పసుపు మోసుకుపోయిన సంగతి మాకు తెలుసు, వాళ్ల కష్టాన్ని తక్కువ చేయం. కానీ పరిగె ఏరిన చేతులు ఏ లెక్కలోనూ లేవు. బోర్డు పుస్తకాల్లో మా గంజెడు పసుపు ఏ గడిలో రాస్తారో చూడాలని ఉంది.

పసుపు ఒక్కటే కాదు మా దుకాణం. బీడీల పని ఈ జిల్లాలో ఇంటింటి పని. చాట ఒళ్లో పెట్టుకొని ఆడవాళ్లు చుడుతుంటే మేము కింద కూర్చొని ఏరేవాళ్లం. కత్తిరించిన తునికాకు ముక్కలు, దారం కొసలు, చినిగిన లేబుళ్లు. లేబుల్ మా నోటు. రంగును బట్టి దాని విలువ. అగ్గిపెట్టె డొప్పలు రెండు, నడుమ బీడీ దారం కడితే టెలిఫోను. దారం బిగుతుగా పట్టుకుంటే నిజంగానే వినిపిస్తుంది. గుడిసె వెనక నుంచి ఈ కొసకు మేము చెప్పిన మొదటి సంగతులన్నీ తిట్లే.

జొన్న కోత అయితే సొప్ప బెండు. పైన పెచ్చు ఒలిస్తే లోపల తెల్లటి మెత్తటి బెండు వస్తుంది. పెచ్చును పుల్లలుగా చీల్చి బెండులో గుచ్చితే బండి, నాగలి, మంచం. తుమ్మ ముల్లు మేకు. తెగిపోయిన రబ్బరు చెప్పుల నుంచి గుండ్రంగా కోసిన చక్రాలు. తెగిన చెప్పు కోసం మేము ఎదురు చూసినట్టు కొత్త చెప్పుల కోసం కూడా చూడలేదు. డాల్డా డబ్బాకు మేకుతో చుట్టూ తూట్లు పొడిచి, నడుమ ఇనుప కడ్డీ దూర్చి తిప్పితే అది పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము. ఆసాముల కళ్లంలో అసలు డ్రమ్ము తిరుగుతుంటే పసుపు దుమ్ము మబ్బులా లేచేది. మా డబ్బాలో గులకరాళ్లు వేసి తిప్పి, మూతికి గుడ్డ కట్టుకొని దగ్గేవాళ్లం. కూలివాళ్లు దగ్గుతారు కాబట్టి దగ్గడం కూడా ఆటలో భాగం.

ఒక విద్య మాత్రం మాకు బడి నేర్పలేదు. పసుపు నీళ్లలో వక్కాకు డబ్బీ నుంచి దొంగిలించిన సున్నం చిటికెడు కలిపితే ఎర్రగా మారుతుంది. పసుపు రంగు బొమ్మకు ఎర్ర నోరు, ఎర్ర బొట్టు అట్లా వచ్చేవి. పసుపు మరక పడిన అంగీని సబ్బుతో ఉతికితే మరక ఎర్రబడుతుంది, నిమ్మకాయ రసం పిండితే తిరిగి పచ్చబడుతుంది. పై తరగతిలో సైన్సు సారు క్షారం, ఆమ్లం అని పాఠం చెబుతుంటే వెనక బెంచీలో మేము ఒకరినొకరు చూసుకున్నాం. ఆ ఒక్క పాఠానికి మాకు కంఠస్థం అక్కరలేకపోయింది.

ఆడపిల్లల బొమ్మల గురించి వేరేగా చెప్పాలి. మా ఆడవాళ్ల కాంచళి, పెట్యాల మీద అద్దాలు, గవ్వలు, బిళ్లలు కుట్టి ఉంటాయి. పాతబడి రాలిపోయిన అద్దం ముక్కలు, విరిగిన గవ్వలు అక్కలు ఒక చింకి సంచిలో దాచేవాళ్లు. గుడ్డ పీలికలు చుట్టి బొమ్మ చేసి, దానికి పెట్యా కుట్టి, ఒక్క అద్దం ముక్క అతికించేవాళ్లు. సూది పట్టడం అక్కడే నేర్చారు. బొమ్మకు పేరు ఉండేది, అత్తగారిల్లు ఉండేది, పెళ్లి రోజు గోర్ పద్ధతిలో ఏడుస్తూ పాడే పాటలు కూడా ఉండేవి. కానీ ఆ బొమ్మల వయసు చాలా తక్కువ. యాడి కూలికి పోయే రోజు వచ్చేసరికి తమ్ముడో చెల్లెలో అక్క చంకకు ఎక్కేవాళ్లు. గుడ్డ బొమ్మ పక్కన పడేది. మేము మగపిల్లలం పదమూడేళ్లు వచ్చేదాకా టైరు దొర్లించుకుంటూ తిరిగాం. మా అక్కల ఆట ఏడేళ్లకే ముగిసింది. చంకలో నిజం పిల్ల ఏడుస్తుంటే గుడ్డ పిల్లకు జోల ఎవరు పాడతారు? బాల్యం అని మేము రాసే ప్రతి వాక్యంలోనూ ఈ తేడా ఉంది. మామూలుగా దాన్ని రాయరు.

కొన్న బొమ్మలు మాకు తెలియవని కాదు. అంగడిలో చూసేవాళ్లం. బూరలు, పీకలు, తాడు లాగితే డోలు కొట్టే ప్లాస్టిక్ కోతి. తాకితే కొట్టువాడు అరుస్తాడని చేతులు వెనక కట్టుకొని చూసేవాళ్లం. గోదావరి మీద సోన్ వంతెన దాటితే నిర్మల్. అక్కడి నకాషీ పనివాళ్లు చేసే కొయ్య పండ్లు, పిట్టలు, జింకలు మొదటిసారి ఒక ఆసామి ఇంటి అద్దాల బీరువాలో చూశాం. సీతాఫలం అచ్చం సీతాఫలమే, కొరకబుద్ధి అయ్యేట్టు ఉంది. అది పొనికి కర్రతో చేస్తారని, ఆ కర్ర మెత్తన, తేలిక అని తర్వాత తెలిసింది. ముక్కలు అతికించే లప్పంలో చింతగింజల పొడి, రంపపు పొట్టు కలుపుతారట. చింతగింజలు! మేము బండకు అరగదీసి పందెం ఆడిన చింతగింజలే. ఆ ఇంటి పిల్లలు కూడా ఆ పండ్లతో ఆడేవాళ్లు కాదు. బీరువాకు తాళం ఉండేది.

అట్లాంటి తాళం బీరువా మా తండాకు కూడా వచ్చింది, దుబాయి నుంచి. ఈ జిల్లా నుంచి గల్ఫ్ పోయిన వాళ్లలో మా తండావాళ్లూ ఉన్నారు. రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వచ్చిన బాపు సెల్లు వేస్తే తిరిగే కారు తెచ్చేవాడు, లైట్లు వెలిగేది, హారను కొట్టేది. రెండు రోజులు తండా పిల్లలందరం ఆ ఇంటి ముందరే. మూడో రోజు కవరు తొడిగి దాన్ని గూట్లో పెట్టేవాళ్లు. పాడైతే మళ్లీ తెచ్చేవాడు రెండేళ్లకు గానీ రాడు. మృచ్ఛకటికంలో చారుదత్తుని కొడుకు పక్కింటి పిల్లవాడి బంగారు బండి కోసం ఏడుస్తాడు, మట్టిబండి వద్దంటాడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండి నిండా పోస్తుంది. ఆ నాటకం చదివినప్పుడు మాకు గుర్తొచ్చింది కవరులోని కారే. మా తండాలో బంగారు బండి వచ్చిన ఇంటి పిల్లవాడే ఏడ్చేవాడు, బాపు మళ్లీ ఎప్పుడొస్తాడని. మా మట్టి ఎద్దులు, సొప్ప బండ్లు ఇస్తామని వాడిని పిలిచేవాళ్లం. వచ్చేవాడు కూడా.

1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరాక మాకు హాస్టళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఆ తలుపు లేకపోతే ఈ వ్యాసం లేదు. అయితే రేకు పెట్టెలో బట్టల కింద మేము తీసుకుపోయినవి అక్కడ నిలవలేదు. గచ్చకాయలు, గుట్ట అడుగున ఏరిన తెల్ల గులకరాళ్లు, బీడీ లేబుళ్ల కట్ట, ధర పడిన ఏడాది మిగిలిన ఒక పసుపు ఎద్దు. ఒక ఆదివారం పెట్టెల తనిఖీలో అవన్నీ చెత్త కింద లెక్కకు వచ్చి గోడ అవతల పడ్డాయి. గులకరాళ్లు మరునాడు వెతుక్కున్నాం. ఎద్దు దొరకలేదు, వంటమనిషి కూరలో వేసిందని ఒకడు పుకారు పుట్టించాడు. ఆ వారం పప్పు అందరం అనుమానంగా తిన్నాం. అసలు దెబ్బ ఇంకోటి. అక్కడ ఆట పేర్లు తెలుగులో చెప్పాలి. గోర్ బోలిలో పిలిస్తే మిగతా వాళ్లు నవ్వుతారు. ఎద్దు ఎద్దే అయింది, బళద నోట్లోనే ఉండిపోయింది.

మాలో నలుగురం ఇప్పుడు బడిపంతుళ్లం. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక ఆటబొమ్మలతో బోధన అని శిక్షణల్లో చెబుతున్నారు. స్థానిక బొమ్మలు సేకరించండి అన్నారు. అగ్గిపుల్లలతో, పారేసిన వస్తువులతో సైన్సు చెప్పే అరవింద్ గుప్తా వీడియోలు చూపించారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది, మాకు ఆయన మీద గౌరవం ఉంది. ఆ వీడియోలు చూస్తుంటే మా తండా ముసలివాళ్లకు కూడా ఒక శాలువా కప్పాలనిపించింది. సరే, వేసవి సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి సేకరణ మొదలుపెట్టాం. ఒక్క బొమ్మా దొరకలేదు. ఎట్లా దొరుకుతుంది? బెండు బండి మూడు రోజుల్లో ఎండి విరుగుతుంది. మట్టి ఎద్దు వానకు కరుగుతుంది. పసుపు ఎద్దు ఎవరి కూరలోనో కలిసింది. అవి ఒక కాలంలో పుట్టి, ఆ కాలంతోనే పోయేవి.

దొరికినవి చేతులు. డెబ్బై దాటిన ఒక దాదీ ముందు సొప్ప పెడితే, మాట్లాడుతూనే, చేతుల వైపు చూడకుండానే, చక్రాల బండి చేసి పెట్టింది. ప్రతి ముక్కకూ గోర్ బోలిలో ఒక పేరు చెప్పింది. రాసుకోవడంలో గొడవ వచ్చింది. మా భాషకు లిపి లేదు, తెలుగు అక్షరాల్లో రాస్తే ఒకే మాటను నలుగురం నాలుగు రకాలుగా రాశాం. నలుగురి రాతా ఉంచేశాం. దిద్దడానికి మనసు ఒప్పలేదు. అట్లా రెండు నోటు పుస్తకాలు నిండాయి. ముసలివాళ్లు చెప్పినవాటిలో సగం ఆటలు మేము ఆడనివే. మా కంటే ముందే పోయినవి ఎన్నో.

పిల్లలు మాత్రం దాదీ బండిని ఒక పూట చూసి పక్కన పెట్టేశారు. వాళ్ల మనసు వేరే దాని మీద ఉంది. ఇప్పుడు పసుపు తవ్వకానికి ట్రాక్టరు వస్తున్నది, కాలువ తీయడానికి జేసీబీ వస్తున్నది. ఆరో తరగతి పిల్లవాడొకడు అట్టపెట్టె, చెప్పుల చక్రాలు, బీడీ దారంతో జేసీబీ చేస్తున్నాడు. పలుగు పైకి లేవడానికి సూదులు తీసేసిన ప్లాస్టిక్ సిరంజీలు రెండు, నడుమ సన్న పైపు, పైపులో నీళ్లు. ఒక సిరంజి నొక్కితే రెండోది లేస్తుంది. బయట దొరికిన సిరంజీలు ముట్టొద్దని చెప్పి, బడి సైన్సు పెట్టెలోవి తీసి ఇచ్చాం. నీళ్లలో పసుపు కలిపాడు. ఎందుకురా అంటే, కారితే ఎక్కడ కారుతుందో కనిపిస్తుందన్నాడు. నిన్న కారింది, కీలు దగ్గర. ఇంకో పైపు కావాలట. అంగడి రోజు దాకా ఆగమన్నాం, వాడు వినేటట్టు లేడు.